నోటు తిరగరాయడం ఆపి అప్పు తీర్చిన వైనం: నైజీరియా, పారిస్ క్లబ్, ఒక ఆర్థిక మంత్రి (కేస్ స్టడీ)

ప్రభుత్వ రుణ నిర్వహణలో పనిచేసేవాళ్లకు 2005 నాటి నైజీరియా ఒప్పందం తెలియంది కాదు. దాన్ని చెప్పుకునే తీరులోనే చిక్కుంది. ఎన్‌గోజి ఒకోంజో-ఇవేలా అనే ఆర్థిక మంత్రి పారిస్ వెళ్లి 1,800 కోట్ల డాలర్ల అప్పు మాఫీ చేయించుకొచ్చారు అంటారు. అందులో తప్పు లేదు గానీ, అంతవరకే తెలిస్తే ఎవరికీ పనికిరాదు. ఆ రోజుల్లో మాఫీ అడగని పేద దేశం లేదు. నైజీరియా కూడా ఏళ్ల తరబడి అడిగి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. 2003 నుంచి 2006 దాకా ఏ పని ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది, ఆ వరస ఎందుకు కుదిరింది అన్నదే ఈ కేసు.

కేసుల్లో మామూలుగా పేర్లు దాచిపెడతాం. ఇక్కడ దేశం, మంత్రి, తేదీలు అన్నీ లోకానికి తెలిసినవే కాబట్టి దాచడంలో అర్థం లేదు. కింది స్థాయి అధికారులెవరు, రుణదాతల్లో ఎవరు మెత్తబడ్డారు, ఎవరు బిగుసుకున్నారు వంటివి మాత్రం వదిలేశాను.

నేపథ్యం

మంత్రి గురించి ఈ కేసుకు కావలసినంత వరకు: 1954లో, ఇప్పటి డెల్టా రాష్ట్రంలోని ఒగ్వాషి-ఉకులో జననం. 1976లో హార్వర్డ్‌లో ఎకనామిక్స్ డిగ్రీ, 1981లో ఎంఐటీ నుంచి డాక్టరేట్. ఆ తర్వాత సుదీర్ఘకాలం ప్రపంచ బ్యాంకులో ఉద్యోగం. 2000లో కొద్దికాలం అధ్యక్షుడు ఒబసాంజోకు ఆర్థిక సలహాదారు. 2003 జులైలో ఆర్థిక మంత్రి. ఆ దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ. 2006 జూన్‌లో విదేశాంగ శాఖకు మార్చారు, ఆగస్టులో రాజీనామా చేశారు. ప్రపంచ బ్యాంకులో మేనేజింగ్ డైరెక్టర్‌గా పనిచేసి, 2011 ఆగస్టు నుంచి 2015 మే వరకు మళ్లీ ఆర్థిక మంత్రి. 2021 మార్చి 1 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ డైరెక్టర్ జనరల్.

ఈ జాబితాలో కేసుకు పనికొచ్చిన అర్హత ఒకటుంది. అప్పు ఇచ్చేవాళ్ల ఆఫీసులో ఫైలు ఏ బల్ల నుంచి ఏ బల్లకు వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఏ కాగితం లేకపోతే వెనక్కి వస్తుందో ఆమెకు లోపలి నుంచి తెలుసు. ఆమె సలహాదారుగా ఉన్న 2000లోనే, అక్టోబర్‌లో, నైజీరియా రుణ నిర్వహణ కార్యాలయం (డీఎంవో) మొదలైంది. అప్పటిదాకా అప్పుల లెక్కలు ఆర్థిక శాఖలో కొన్ని, కేంద్ర బ్యాంకులో కొన్ని చెల్లాచెదురుగా ఉండేవి.

ఇక అప్పు సంగతి. 1970ల చమురు ధరలు చూసి నైజీరియా పెద్ద పెద్ద ప్రాజెక్టులు ఎత్తుకుంది. 1978లో 100 కోట్ల డాలర్ల వాణిజ్య రుణం తీసుకుంది, దాన్ని అక్కడ జంబో లోన్ అంటారు. 1980ల మొదట్లో చమురు ధర పడేసరికి దిగుమతుల బిల్లులు ఆగిపోయాయి. ఆ సరుకు అమ్మిన కంపెనీలకు వాళ్ల దేశాల్లో ఎగుమతి రుణ బీమా ఉంది: బ్రిటన్‌లో ఈసీజీడీ, ఫ్రాన్స్‌లో కోఫాస్, జర్మనీలో హెర్మెస్. ఆ సంస్థలు తమ కంపెనీలకు క్లెయిమ్ చెల్లించి, బాకీని తమ పేరుకు మార్చుకున్నాయి. అలా ఒక వ్యాపారికి కట్టాల్సిన బిల్లు ఒక ప్రభుత్వానికి కట్టాల్సిన అప్పుగా మారింది. పారిస్ క్లబ్ అంటే ఇలాంటి ప్రభుత్వ రుణదాతల బృందమే. ఈ పుట్టుక తెలియకపోతే తర్వాతి బేరం అర్థం కాదు. ఎదుటి పక్షాన కూర్చున్నది దానమిచ్చే శాఖలు కావు, బీమా నష్టం రాబట్టుకోవాలని చూసే సంస్థలు.

సమస్య ఏ రూపంలో వచ్చింది

2003 చివర విదేశీ అప్పు 3,292 కోట్ల డాలర్లు. 2004 చివర 3,594 కోట్లు. ఏడాదిలో 300 కోట్లు పెరిగింది, కానీ అంత కొత్త అప్పేమీ తేలేదు. పెరుగుదలకు కారణాలు రెండు. అప్పులో చాలా భాగం యూరో, పౌండ్, యెన్‌లలో ఉంది, డాలర్ బలహీనపడేసరికి డాలర్లలో లెక్క ఉబ్బింది. కట్టని వాయిదాల మీద ఆలస్యపు వడ్డీ కూడా పడుతూ వచ్చింది. మొత్తంలో పారిస్ క్లబ్ వాటా 3,085 కోట్లు, అంటే 86 శాతం.

ఏటా గడువుకొచ్చిన దాంట్లో ప్రభుత్వం కొంతే కట్టేది. పారిస్ క్లబ్‌కు 100 కోట్ల డాలర్లు ఇచ్చి మిగతాది బకాయిలో వేసేవారు. దీనివల్ల రెండు వైపులా చెడింది. బడ్జెట్ నుంచి డబ్బు పోతూనే ఉంది, రుణదాతల పుస్తకాల్లో మాత్రం ఎగవేతదారు ముద్ర అలాగే ఉంది. 2005 మార్చిలో ప్రతినిధుల సభ అసలు చెల్లింపులే ఆపేయాలని తీర్మానం చేసింది. బయట పేరు బాగుచేసుకుంటున్న మంత్రికి ఇంటి నుంచి ఇది ఎదురుదెబ్బే. అయితే బేరం బల్ల దగ్గర అదే తీర్మానం రుణదాతలకు ఒక హెచ్చరికగానూ పనికొచ్చింది.

అంతకుముందు చేసినవి, పనిచేయనివి

1986, 1989, 1991, 2000. నాలుగుసార్లు పారిస్ క్లబ్‌తో రీషెడ్యూలింగ్ జరిగింది. మన ఊళ్లలో గడువు దాటిన ప్రామిసరీ నోటును వడ్డీ కలిపి తిరగరాస్తారు చూడండి, సరిగ్గా అదే పని. పాత బకాయి కొత్త అసలు అవుతుంది, గడువు ముందుకు జరుగుతుంది, తీర్చే శక్తి మాత్రం పెరగదు. 2000 డిసెంబర్ ఒప్పందంలో ఒక్కసారే 2,300 కోట్ల డాలర్లకు పైగా తిరగరాశారు.

ఆ ఒప్పందానికి ముందు అదే ఏడాది ఆగస్టులో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)తో స్టాండ్‌బై ఏర్పాటు, అంటే లక్ష్యాలు అందుకుంటేనే అవసరానికి రుణం ఇచ్చే ఏర్పాటు, కుదిరింది. చమురు ధర కాస్త పెరగగానే అన్ని స్థాయుల ప్రభుత్వాలూ ఖర్చు పెంచేశాయి, లక్ష్యాలు తప్పాయి, ఏర్పాటు 2001లో అర్ధాంతరంగా ముగిసింది. 2003లో కొత్త జట్టు వారసత్వంగా అందుకున్నది ఈ చెడ్డపేరునే.

నైతిక వాదన కూడా నడిచింది. సైనిక నియంతలు తిన్న అప్పు ప్రజలెందుకు కట్టాలి? అసలుకు ఎన్నో రెట్లు ఇప్పటికే కట్టాం కదా? న్యాయంగా చూస్తే ఈ ప్రశ్నలకు బలముంది. కానీ బీమా సంస్థ పుస్తకంలో అన్యాయానికి కాలమ్ లేదు. పైగా చమురు అమ్ముకునే దేశానికి మాఫీ ఎందుకు అన్న ఎదురు ప్రశ్న సిద్ధంగా ఉండేది. మాఫీకి అప్పట్లో ఉన్న రాజమార్గం హెచ్‌ఐపీసీ, అంటే అప్పుల్లో కూరుకుపోయిన పేద దేశాల కోసం పెట్టిన పథకం. దాని తలుపూ మూసుకుపోయింది, ఎందుకో కింద చెబుతాను.

మొదటి నిర్ణయం: అడగడానికి ముందు పొదుపు

2004 బడ్జెట్‌ను బ్యారెల్ చమురు 25 డాలర్లు అనుకుని వేశారు. 2005కు 30, 2006కు 35. బ్రెంట్ (ప్రపంచ మార్కెట్‌లో ప్రమాణంగా చూసే చమురు) సగటు ధర 2004లో 38 డాలర్ల దగ్గర, 2005లో 54 దగ్గర నిలిచింది. అంచనా ధరకు పైన వచ్చినదంతా ఎక్సెస్ క్రూడ్ అకౌంట్ అనే విడి ఖాతాలోకి మళ్లింది.

ఒక డాలర్ తేడా ఎంతో చూడండి. రోజుకు 23 లక్షల బ్యారెళ్లు అనుకుంటే ఏడాదికి సుమారు 84 కోట్ల డాలర్లు. ఇందులో చమురు కంపెనీల వాటా, ఖర్చులు తీసేస్తే ప్రభుత్వానికి మిగిలేది తక్కువే, అయినా అంచనా ధరను ఐదు డాలర్లు పెంచమని పార్లమెంటు పట్టుబడితే పొదుపులో ఎంత కోత పడుతుందో తెలుస్తుంది. అక్కడ బడ్జెట్ మీద అసలు పోరాటం ఏ శాఖకు ఎంత అని జరగదు, ఈ ఒక్క అంకె మీద జరుగుతుంది.

అసలు అడ్డంకి రాజ్యాంగం. 162వ సెక్షన్ ప్రకారం వచ్చిన ఆదాయమంతా ఫెడరేషన్ ఖాతాలో పడాలి, పంచాలి. చమురు ఆదాయంలో కనీసం 13 శాతం ఉత్పత్తి చేసే రాష్ట్రాలకు. మిగిలిన దాంట్లో కేంద్రానికి 52.68, 36 రాష్ట్రాలకు 26.72, 774 స్థానిక ప్రభుత్వాలకు 20.60 శాతం. అంటే పొదుపు చేసిన ప్రతి డాలర్‌లో సగానికి పైగా మంత్రిది కాదు, గవర్నర్లది (అక్కడ గవర్నర్లంటే రాష్ట్రాలను నడిపే ఎన్నికైన నేతలు), స్థానిక ప్రభుత్వాలది. వాళ్లు ఒప్పుకుంటేనే ఖాతా నిలుస్తుంది. చట్టం చేద్దామంటే ఏళ్లు పడుతుంది, చమురు ధర అంతకాలం ఆగదు. అందుకని రాజకీయ ఒప్పందంతోనే ఖాతా మొదలుపెట్టారు. ఆ సమయానికి అది సరైన నిర్ణయమే అని నా అభిప్రాయం. దాని ఖరీదు మాత్రం పదేళ్ల తర్వాత తెలిసింది.

గవర్నర్లను దారికి తెచ్చుకోవడానికి చేతిలో ఉన్న ఒకే ఆయుధం ప్రచారం. 2004 జనవరి నుంచి ఏ రాష్ట్రానికి, ఏ స్థానిక ప్రభుత్వానికి నెలకు ఎంత అందిందో పత్రికల్లో అచ్చు వేయించడం మొదలుపెట్టారు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఖర్చూ పెద్దగా లేదు, లెక్కలు ఎలాగూ నెలనెలా తయారవుతున్నవే. కేంద్రం నుంచి డబ్బు రావడం లేదు అనే మాట చెప్పడం ఒక్కసారిగా కష్టమైపోయింది.

ఈ పొదుపు వల్ల రుణదాతల బల్ల మీద మారింది ఒకే విషయం. ఇదివరకు నైజీరియా చమురు ధర పెరిగితే తినేసేది, తగ్గితే అప్పు కోసం వచ్చేది. ఇప్పుడు ధర పెరుగుతుంటే దాచుకుంటూ వస్తోంది. ఇది మాటల్లో చెప్పే హామీ అవసరం లేని రుజువు.

రెండో పని: ఖాతా పుస్తకాలు సరిచూడటం

ఇది ఎవరూ చెప్పుకోని భాగం, బహుశా చప్పగా ఉంటుందని. పారిస్ క్లబ్‌లో కుదిరేది ఉమ్మడి అంగీకార పత్రం మాత్రమే. దాని తర్వాత ఒక్కో దేశంతో విడివిడిగా ద్వైపాక్షిక ఒప్పందం చేసుకోవాలి. ఒక్కో దానికి ఒక్కో కరెన్సీ, ఒక్కో వడ్డీ రేటు, ఆలస్యపు వడ్డీ లెక్కించే పద్ధతి వేరు. నాలుగు రీషెడ్యూలింగ్‌లు, ఒక్కోదానికీ పదికి పైగా దేశాలు. పాత రుణం కొత్తదాంట్లో కలిసిందా లేదా, కటాఫ్ తేదీకి ముందుదా తర్వాతదా అన్నది ప్రతి పద్దుకీ తేల్చాలి. ఎందుకంటే కటాఫ్ తేదీ తర్వాత తీసుకున్న రుణానికి పారిస్ క్లబ్ తగ్గింపు ఇవ్వదు.

డీఎంవో లేకపోయి ఉంటే 2005లో రుణదాతలు ఏ అంకె చెబితే ఆ అంకె ఒప్పుకోవాల్సి వచ్చేది. మన దగ్గర సొంత లెక్క లేనప్పుడు ఎదుటివాడు ఇచ్చే తగ్గింపు ఎక్కువో తక్కువో కూడా తెలియదు.

మూడోది: అప్పు తీసుకోకుండా ఐఎంఎఫ్ సర్టిఫికెట్

పారిస్ క్లబ్ నియమం ఒకటుంది. ఐఎంఎఫ్ కార్యక్రమం నడుస్తూ ఉంటేనే రుణ ఊరట. నైజీరియాకు ఐఎంఎఫ్ డబ్బు అక్కర్లేదు, నిల్వలు పెరుగుతున్నాయి. రాజకీయంగానూ అది నిప్పుతో ఆట. 1985లో ఐఎంఎఫ్ రుణం తీసుకోవాలా వద్దా అని దేశమంతా చర్చ జరిగి ప్రజాభిప్రాయం ససేమిరా అంది.

దారి ఇలా వెతికారు. 2004లో నీడ్స్ అనే సొంత సంస్కరణల పత్రం ప్రకటించారు. లక్ష్యాలు తామే పెట్టుకుని, వాటిని ఐఎంఎఫ్ కార్యక్రమ స్థాయి కొలతలతో పర్యవేక్షించమని కోరారు. అందులో చేసి చూపించినవి కొన్ని: కొనుగోళ్లకు టెండర్ పరిశీలన, బ్యాంకుల కనీస మూలధనం 200 కోట్ల నైరాల (నైజీరియా కరెన్సీ) నుంచి 2,500 కోట్లకు పెంపు (కేంద్ర బ్యాంకు చేసిన పని, 89 బ్యాంకులు 25కు తగ్గాయి), ఆర్థిక నేరాల కమిషన్ దాడులు. సంస్కరణల జట్టులో సొలుడో, ఎజెక్‌వెసిలి, ఎల్-రుఫాయి, రిబాడు వంటివాళ్లు తమ తమ భాగాలు మోశారు. దీన్నంతా ఒక్క మంత్రి ఖాతాలో వేయడం సరికాదు.

చివరకు ఐఎంఎఫ్ కొత్త సాధనం తయారుచేసింది, పాలసీ సపోర్ట్ ఇన్‌స్ట్రుమెంట్. రుణం ఉండదు, సమీక్షలు మాత్రం రుణ కార్యక్రమంలో లాగే ఉంటాయి, బోర్డు ఆమోదం కూడా కావాలి. 2005 అక్టోబర్ 17న మొదటిసారి దాన్ని పొందిన దేశం నైజీరియా. పారిస్ క్లబ్‌కు కావలసింది నిజానికి ఐఎంఎఫ్ రుణం కాదు, ఐఎంఎఫ్ సంతకం. ఈ రెండింటినీ విడదీయవచ్చని గుర్తించడమే ఇక్కడి తెలివి.

నాలుగోది: ఏ వర్గంలో ఉన్నాం?

హెచ్‌ఐపీసీ తలుపు మూసుకుపోవడానికి కారణం ఇదే. ప్రపంచ బ్యాంకు పట్టికలో నైజీరియా మిశ్రమ వర్గంలో ఉండేది. అంటే ప్రపంచ బ్యాంకులో పేద దేశాల విభాగమైన ఐడీఏ ఇచ్చే మెతక షరతుల రుణాలతో పాటు, మరో విభాగమైన ఐబీఆర్‌డీ మార్కెట్ రేటు రుణాలకూ అర్హత ఉన్న దేశం. కేవలం ఐడీఏ వర్గంలో ఉన్న దేశాలకే నేపుల్స్ షరతుల (పేద దేశాలకు పారిస్ క్లబ్ పెట్టుకున్న ప్రామాణిక షరతులు) మీద 67 శాతం తగ్గింపు దొరుకుతుంది. కాగితం మీద నైజీరియాకు ఐబీఆర్‌డీ అర్హత ఉంది, నిజంలో ఐబీఆర్‌డీ ఏళ్ల తరబడి దానికి కొత్త రుణం ఇవ్వలేదు. ఆమె వాదన, వాషింగ్టన్‌లోని సెంటర్ ఫర్ గ్లోబల్ డెవలప్‌మెంట్ పరిశోధకుల వాదన ఇక్కడ కలిశాయి: మీరే రుణం ఇవ్వదగిన దేశం కాదంటూ, మళ్లీ ఆ వర్గంలోనే ఎలా ఉంచుతారు? 2005 జూన్‌లో వర్గం మారింది. ఒక పట్టికలో ఒక గడి మారితే వేల కోట్ల డాలర్ల తలుపు తెరుచుకుంది. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన అనుభవం సరిగ్గా ఇక్కడ కలిసొచ్చింది.

సమయమూ తోడైంది. బ్రిటన్ అప్పుడు జీ-8 అధ్యక్ష స్థానంలో ఉంది, జులైలో గ్లెనీగల్స్ సమావేశం, ఆఫ్రికా ప్రధాన అంశం. నైజీరియా అతిపెద్ద రుణదాత కూడా బ్రిటనే. కానీ ఈ సమయం అందరు అప్పుల దేశాలకూ వచ్చింది. అప్పటికే డబ్బు, లెక్కలు, సమీక్ష సిద్ధంగా ఉన్నవాళ్లే దాన్ని వాడుకోగలిగారు.

ఐదోది: లెక్క

2005 జూన్ 29న సూత్రప్రాయ అంగీకారం, అక్టోబర్ 20న ఒప్పందం. రుణదాతలు 15 దేశాలు. కటాఫ్ తర్వాతి రుణాన్ని కలిపేసి, అంకెలు గుండ్రం చేసి చెబితే గణితం ఇలా ఉంటుంది. మొత్తం సుమారు 3,040 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 630 కోట్లు బకాయిలు, వాటికి తగ్గింపు లేదు, మొత్తం కట్టాలి. మిగిలిన దాదాపు 2,400 కోట్లలో 67 శాతం, అంటే 1,600 కోట్లు రద్దు. ఇంకా 800 కోట్లు మిగిలాయి. దాన్ని సుమారు పాతిక శాతం తక్కువకు, 600 కోట్లకు, నైజీరియా తిరిగి కొనేసింది. మొత్తం చెల్లింపు 1,240 కోట్లు, మొత్తం రద్దు 1,800 కోట్లు, దాదాపు 60 శాతం.

ఆఖరి 800 కోట్ల దగ్గర ఆగి ఆలోచించాలి. నేపుల్స్ షరతుల్లో మిగిలిన అప్పును 23 ఏళ్లలో తీర్చవచ్చు. చేతిలో డబ్బు ఉంచుకుని నెమ్మదిగా కట్టుకోవచ్చు కదా? వద్దనుకోవడానికి మూడు కారణాలు కనిపిస్తాయి.

23 ఏళ్లంటే అర డజను ప్రభుత్వాలు. వాటిలో ఏ ఒక్కటి వాయిదా తప్పినా ఆలస్యపు వడ్డీ మళ్లీ మొదలు. ఈ దేశపు చరిత్రే అది.

రెండోది, రుణదాతకు నగదు చూపిస్తే తప్ప తగ్గింపు రాదు. చమురు ధర మళ్లీ పడితే వసూలు కాదన్న భయం వాళ్లకుంది. ఈ రోజు 75 పైసలు చేతికొస్తాయంటే రేపటి రూపాయిని వదులుకుంటారు. ఇదే 2005లో రష్యా, పోలండ్ కూడా పారిస్ క్లబ్‌కు ముందుగానే కట్టాయి, కానీ వాటికి తగ్గింపు లేదు. వాటి విషయంలో ఎగవేత భయం లేదు కాబట్టి.

మూడోది ద్రవ్యోల్బణం. ఇది చాలామంది విమర్శకులు పట్టించుకోని కారణం. పొదుపు ఉన్నది డాలర్లలో. దాన్ని దేశం లోపల ఖర్చు చేయాలంటే కేంద్ర బ్యాంకు డాలర్లు తీసుకుని నైరాలు విడుదల చేయాలి. 1,240 కోట్ల డాలర్లకు సరిపడా నైరాలు ఒకటి రెండేళ్లలో మార్కెట్లోకి వస్తే ధరలు, మారకం రేటు ఏమవుతాయో ఊహించుకోవచ్చు. బయటి అప్పుకు డాలర్లుగానే కడితే లోపల నైరా కదలదు.

చెల్లింపు రెండు దశల్లో జరిగేలా రాసుకున్నారు. పాలసీ సపోర్ట్ ఆమోదం తర్వాత నైజీరియా బకాయిలు కడితే మొదటి 33 శాతం రద్దు. ఐఎంఎఫ్ తొలి సమీక్ష తర్వాత మిగతా 34 శాతం రద్దు, ఆపైన బైబ్యాక్ (మిగిలిన అప్పును తిరిగి కొనడం). ఇద్దరిలో ఎవరు వెనక్కి తగ్గినా ఎదుటివారి నష్టం సగానికే పరిమితం. 2006 ఏప్రిల్ 21న చివరి విడత వెళ్లింది. అదే ఏడాది మొదట్లో రేటింగ్ సంస్థలు ఫిచ్, ఎస్ అండ్ పీ నైజీరియాకు తొలిసారి రుణ రేటింగ్ ఇచ్చాయి, రెండూ బీబీ మైనస్ (పెట్టుబడి స్థాయికి కింద). 2006 చివర విదేశీ అప్పు 354 కోట్ల డాలర్లు.

విమర్శలు, వాటిలో నిలబడేవి

పేద దేశం ఒకేసారి 1,240 కోట్ల డాలర్లు ధనిక దేశాలకు ఇవ్వడమేమిటి అన్న విమర్శ గట్టిగానే వచ్చింది. బకాయిల్లో వడ్డీ మీద వడ్డీ కూడా ఉందన్నదీ నిజం. ఆ భాగానికి ఒక్క పైసా తగ్గింపు రాకపోవడం ఈ ఒప్పందపు బలహీనతే. హెచ్‌ఐపీసీ దేశాలకు దొరికిన దానితో పోలిస్తే ఇది ఖరీదైన బేరం. కానీ నైజీరియాకు ఆ పథకం అందుబాటులో లేదు, పోల్చాల్సింది అయిదో రీషెడ్యూలింగ్‌తో.

మిగిలిన డబ్బు ఏమైంది అన్నది ఇంకో ప్రశ్న. ఏటా దాదాపు 100 కోట్ల డాలర్లు ఆదా అని లెక్క వేసి, కేంద్రం వాటా 75 కోట్లను ఆరోగ్యం, విద్య, నీటి ఖర్చుల కింద బడ్జెట్‌లో విడి గుర్తుతో చూపించారు. 2006లో ఇది 10,000 కోట్ల నైరాలు. విడి ఖాతా తెరవకుండా బడ్జెట్ పద్దులకే గుర్తు వేసి వెంబడించడం మంచి పద్ధతి. విడి ఖాతాలు త్వరగానే విడి రాజ్యాలవుతాయి. రాష్ట్రాల వాటా 25 కోట్ల మీద అలాంటి పట్టు లేదు. 2007లో కేంద్రం తన వైపు నుంచి సరిసమాన గ్రాంట్ పెట్టింది: రాష్ట్రం సగం వేస్తే కేంద్రం సగం.

అదే మంత్రి, రెండోసారి

2011లో ఆమె తిరిగొచ్చేసరికి పరిస్థితి వేరు. ఎక్సెస్ క్రూడ్ ఖాతా 2008 చివరికి 2,000 కోట్ల డాలర్లు దాటింది. అప్పుడొచ్చిన ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో దేశాన్ని కాపాడింది అదే. 2010 మధ్యకు 400 కోట్ల లోపుకు వచ్చింది. 2007లో ద్రవ్య బాధ్యత చట్టం వచ్చినా రాష్ట్రాలను కట్టిపడేసే శక్తి దానికి లేదు. పంచండి అని గవర్నర్లు అడిగితే 162వ సెక్షన్ వాళ్ల పక్షానే ఉంది. 2011 చట్టంతో సార్వభౌమ సంపద నిధి ఏర్పడింది. 100 కోట్ల డాలర్లతో మొదలుపెట్టి ధరల కుదుపులకు 20, భవిష్యత్ తరాలకు 40, మౌలిక వసతులకు 40 శాతం అని పంచారు. దాని మీదా గవర్నర్లు కోర్టుకెక్కారు.

పెట్రోల్ సబ్సిడీ వ్యవహారం ఇంకా స్పష్టమైన పాఠం. 2012 జనవరి 1న లీటరు 65 నైరాల నుంచి 141కి చేరింది. జనం పండగకు ఊళ్లకు వెళ్లి తిరుగు ప్రయాణంలో ఉన్న రోజులవి. సమ్మె, నిరసనలు. జనవరి 16న ప్రభుత్వం 97కు దిగింది. ఆర్థికంగా కారణం బలమైనదే, ఒక్క 2011లోనే సబ్సిడీ అంచనాలను ఎన్నో రెట్లు దాటిపోయింది. కానీ 2004లో ముందు లెక్కలు అచ్చు వేసి, తర్వాత త్యాగం అడిగారు. 2012లో ముందు ధర పెంచి, దిగుమతిదారుల దొంగ క్లెయిమ్‌ల లెక్క తర్వాత తేల్చారు. వరస తిరగబడింది. ఆ తర్వాత క్లెయిమ్‌లు బిగించినందుకు చెల్లించిన మూల్యం వ్యక్తిగతమైనది. 2012 డిసెంబర్‌లో ఆమె తల్లిని కిడ్నాప్ చేసి అయిదు రోజుల తర్వాత వదిలారు.

2014 రెండో సగంలో చమురు ధర కూలింది. 2015 బడ్జెట్ అంచనా ధర 78 డాలర్లతో మొదలై, 73, 65 అంటూ దిగి, చివరకు 53 దగ్గర ఆమోదం పొందింది. 2015 మేలో ఎక్సెస్ క్రూడ్ ఖాతాలో మిగిలింది దాదాపు 207 కోట్ల డాలర్లు. మొదటి పదవీకాలంలో పనిచేసిన అదే పనిముట్టు ఇది. వాడిన మనిషీ అదే. మారినవి రెండు: పొదుపును కాపాడటానికి రాజకీయ బలం పెట్టే అధ్యక్షుడు లేడు, పొదుపు చివర తీర్చాల్సిన అప్పు అనే లక్ష్యమూ లేదు. అప్పు ఉన్నన్నాళ్లూ గవర్నర్లకు చెప్పడానికి ఒక కారణం ఉండేది.

ఇలాంటి ఫైలు చేతికొస్తే

మాఫీ వాదన రాయడం మొదలుపెట్టకముందు మూడు కాగితాలు తెప్పించుకోవాలి. ఒకటి, ప్రతి రుణదాతతో సరిపోల్చిన పద్దు, అందులో అసలు, మామూలు వడ్డీ, ఆలస్యపు వడ్డీ వేరు వేరుగా, కటాఫ్ తేదీ గుర్తుతో. రెండు, దేశం ఏ సంస్థ పట్టికలో ఏ వర్గంలో ఉందో, ఆ వర్గీకరణ చివరిసారి ఎప్పుడు పరిశీలించారో. మూడు, గత పదేళ్లలో ఆదాయం ఊహించనంత పెరిగిన సంవత్సరాల్లో ఖర్చు ఎంత పెరిగిందో. ఎదుటివాళ్లు మొదట చూసేది ఈ మూడో కాగితమే. అది బాగా లేకపోతే ఏడాదో రెండేళ్లో ఆగి, దాన్ని బాగుచేసుకుని వెళ్లడం మేలు. నైజీరియా జట్టు 2003లో కాక 2005లో అడగడానికి కారణం అదే.

నాలుగో కాగితం కూడా ఒకటుంది, దాన్ని బేరం ముగిశాకే అడుగుతారు, అప్పటికే ఆలస్యమవుతుంది: పొదుపు ఖాతా ఎవరి పేరున ఉంది, ఏ సెక్షన్ కింద తెరిచారు, ఎవరు సంతకం పెడితే అందులోంచి డబ్బు తీయవచ్చు.